నీళ్ళ ట్యాంకు చుట్టూ ఆసియా

తొంభైల నడిమి సంవత్సరాల్లో నేను దోహాలో ఒక కంపెనీ స్టోరులో పనిచేసేవాణ్ణి. పైపులూ బోల్టులూ అడిగినవాళ్ళకు ఇవ్వడం, అడగకుండా తీసుకునేవాళ్ళ నుంచి కాపాడటం నా ఉద్యోగం. ఒకరోజు ముషైరిబ్ బజారులో సమోసాలు కొంటే, చుట్టి ఇచ్చిన ఇంగ్లీషు పేపరు ముక్కలో ఎవరో పెద్దమనిషి ఉపన్యాసం కనిపించింది. ఆసియా ఖండపు యువతకు చదువూ పనితనమూ నేర్పడాన్ని మించిన పెట్టుబడి లేదన్నాడాయన. ఆ పెట్టుబడి ఎవరు పెడతారో, ఎక్కడ పెడతారో కూడా చెప్పే ఉంటాడు. సరిగ్గా అక్కడే నూనె మరక పడింది.

మరక కింద ఏముందో చదవకపోయినా నాకు తెలుసు. ఫరీజ్ బిన్ మహమూద్ పేటలో మేముండే పాత బిల్డింగు మిద్దె ఉంది.

ఆ మిద్దె మీద ప్రతి శుక్రవారం పొద్దున, ఎండ ముదరకముందు, ఒక డ్రైవింగ్ స్కూలు నడిచేది. నడిచేదంటే నిజంగానే నడిచేది, ఎందుకంటే కారు లేదు. మిద్దె నడుమ సిమెంటు దిమ్మ మీద పెద్ద నీళ్ళ ట్యాంకు ఉండేది. దాని చుట్టూ సున్నంతో ఒక గుండ్రం, ఆ గుండ్రంలోకి నాలుగు వైపుల నుంచీ నాలుగు రోడ్లు గీసి ఉండేవి. ఒక్కో మనిషి ఒక్కో కారు. చేతిలో అన్నం తినే స్టీలు పళ్ళెం స్టీరింగు. నోటితో హారన్ కొట్టకూడదన్నది మొదటి నియమం. అది నా వల్ల పెట్టిన నియమం.

ఈ స్కూలు మా గదిలో ఉండే చాచాది. జగిత్యాల దగ్గరి మనిషి. ఇంట్లో దక్కనీ, బజార్లో తెలుగు మాట్లాడుతూ పెరిగినవాడు. కంపెనీ లేబర్లను క్యాంపు నుంచి పనికీ, పని నుంచి క్యాంపుకీ చేరవేసే బస్సు తోలేవాడు. వారమంతా బస్సు తోలిన మనిషికి శుక్రవారం ఒక్కటే సెలవు. మిగతావాళ్ళం ఆ రోజును నిద్రకు అంకితం చేసేవాళ్ళం. ఆయన మాత్రం పొద్దున్నే లేచి సున్నం డబ్బా పట్టుకుని మిద్దెక్కేవాడు. జుమ్మా నమాజుకు వేళయ్యేదాకా పాఠం చెప్పేవాడు. ఫీజు లేదు. ఒక్కటే షరతు: లైసెన్సు వచ్చినవాడు వచ్చిన మర్నాటినుంచి మాయం కాకూడదు. కొన్నాళ్ళపాటు శుక్రవారాలు వచ్చి, కొత్తవాళ్ళకు ఎదురయ్యే ట్రాఫిక్కుగా పనిచెయ్యాలి.

అందుకే ఎప్పుడో పాసైన ఫిలిప్పీన్స్ ఎలక్ట్రీషియన్ ఒకతను ఇంకా వచ్చేవాడు. అతను లారీ. తనే కోరుకున్నాడు. ఇద్దరు నేపాలీలు, ఒక శ్రీలంక వంటవాడు, ముగ్గురు నలుగురు బంగ్లాదేశ్ కుర్రాళ్ళు, మా ఆంధ్ర బ్యాచ్ కార్లు. బిల్డింగు యజమాని పావురాలు పాదచారులు. ఒకసారి కింది వాటాలో ఉండే మలయాళీ అకౌంటెంటు, నెత్తి మీద ఈ దబదబలేమిటని చూడటానికి పైకొచ్చాడు. పెళ్ళీడు దాటిన మగవాళ్ళు పళ్ళేలు పట్టుకుని ట్యాంకు చుట్టూ సీరియస్‌గా తిరుగుతున్నారు. ఇది వ్యాయామమా అని నన్నడిగాడు. ట్రాఫిక్ అన్నాను. ఇంకో ప్రశ్న వెయ్యకుండా మెట్లు దిగిపోయాడు.

నవ్వులాటగా చెబుతున్నాను గానీ, ఆ మిద్దెకు వచ్చేవాళ్ళకు అది నవ్వులాట కాదు. దోహాలో లైసెన్సు లేనివాడు మోస్తాడు, ఉన్నవాడు తోలుతాడు. అదే కంపెనీ, అదే క్యాంపు, అదే చపాతీ. ఒకడు పికప్ వెనక సిమెంటు బస్తాల మీద, ఇంకొకడు ముందు ఏసీలో. మధ్యలో ఉన్నది ఒక్క కాగితం. ఆ కాగితానికి అడ్డంగా ఉన్నవి రౌండబౌట్‌లు, అక్కడి మాటలో దవార్లు. ఆ రోజుల్లో దోహాలో ఏ రోడ్డు చివర చూసినా ఒక గుండ్రం, దాని నడుమ ఏదో ఒక బొమ్మ. అక్కడ బండి రోడ్డుకు కుడి పక్కన పోవాలి. గుండ్రం దగ్గర కుడికి తిరిగి, నడిమి బొమ్మను ఎడమ పక్కన ఉంచుకుని చుట్టిరావాలి. ఫిలిప్పీన్స్ అతను తప్ప మేమంతా ఎడమ పక్కన పోయే దేశాలవాళ్ళం. ఖండంలో ఎక్కువ మందిమి మేమే అయినా, ఓటింగు పెట్టే సదుపాయం లేదు.

చాచాకు ఎవరూ నేర్పలేదట. వచ్చిన కొత్తలో టాక్సీ వెనక సీట్లో కూర్చుని, డ్రైవరు చేతులు చూసి నేర్చుకున్నాడట. మరి మాకు ఈ సేవ ఎందుకని ఒకసారి అడిగాను.

"నాకొచ్చిన విద్య గిదొక్కటే బేటా," అన్నాడు. "నా ఒక్కనితోనే ఉంటే ఏం ఫాయిదా?"

నేను కాస్త కదిలిపోయే లోపలే, నేను పెట్టిన టీ కడుగునీళ్ళలా ఉందని అదే గొంతుతో అన్నాడు. ఆ మనిషితో ఇదే ఇబ్బంది. గౌరవించడానికి సరైన వ్యవధి ఇవ్వడు.

ఆ మిద్దె మీద నేను చూసినవాళ్ళలో, మేం కడప తమ్ముడని పిలిచే కుర్రాడి కథ వేరు. రాయచోటి దగ్గర ఏదో పల్లె. హౌస్ డ్రైవర్ వీసా మీద వచ్చాడు. అంటే ఒక ఖతారీ ఇంట్లో కారు తోలడానికి, ఆ ఇంటి ఆవరణలోనే గది. వీసా ఇచ్చిన ఆ యజమానిని, అంటే కఫీల్‌ను, మంచివాడనే చెప్పేవాడు. కానీ డ్రైవర్‌గా వచ్చి లైసెన్సు తెచ్చుకోలేని మనిషిని ఎంత మంచివాడైనా ఎన్నాళ్ళు ఉంచుకుంటాడు? అప్పటికి రెండుసార్లు టెస్టు పోయింది. మూడోసారీ పోతే ఊరికి టికెట్ తీస్తానని కఫీల్ చెప్పేశాడు.

పోనీ డ్రైవింగ్ రాదా అంటే, ఊళ్ళో ట్రాక్టరు వెనక రెండు ట్రాలీలు తగిలించి, రివర్సులో ఇరుకు సందులోకి పెట్టేవాడట. టెస్టులో కూడా పార్కింగు, గేర్లు, ఎత్తు మీద ఆపి కదిలించడం, అన్నీ సరిగ్గానే చేశాడు. రౌండబౌట్ రాగానే ఎడమకు తిరిగాడు. రెండోసారీ అంతే. ఎదురుగా వచ్చిన పాల వ్యాను డ్రైవరు రెండు చేతులూ ఎత్తేశాడట.

"టికెట్ ఇస్తే పోతానన్నా, ఏముండాది," అన్నాడు నాతో. "కానీ బండి తోలేదానికి రాదని పంపించేసినారని తెలిసిందనుకో, ఊర్లో నా ట్రాక్టరు తాళం కూడా నా సేతికియ్యరు."

అది విని నేను నవ్వాను. అతను నవ్వలేదు. అప్పుడు అర్థమైంది, అది జోకు కాదని.

మిద్దె మీద కూడా అదే జరిగేది. ముందు ఫిలిప్పీన్స్ లారీ పోతుంటే దాని వెనకే కుడికి వెళ్ళేవాడు. ఒంటరిగా వదిలితే ఎడమకే. చాచా బాణం గుర్తులు గీశాడు, ఎడమ మణికట్టుకు దారం కట్టాడు, అతని చెయ్యి పట్టుకుని నడిపించాడు. పట్టుకున్నంతసేపూ బాగానే ఉండేది. వదిలితే కాళ్ళు మళ్ళీ సొంత దారి పట్టేవి. చాచా ఎవరి మీదా గొంతు పెంచగా నేను చూడలేదు. కానీ ఆ శుక్రవారాల్లో సున్నం డబ్బాను కొంచెం గట్టిగా కింద పెట్టేవాడు.

టెస్టుకు రెండు మూడు వారాలుందనగా ఒక పొద్దున, కడప తమ్ముడు మళ్ళీ ట్యాంకు ఎడమ నుంచి భక్తిగా చుట్టొస్తున్నాడు. నేను ఊరుకోవాలి కదా. ఏం మొక్కుకున్నావయ్యా, ఇంకా ఎన్ని ప్రదక్షిణలున్నాయి, కొబ్బరికాయ ఎక్కడ కొడతావు అన్నాను. అందరూ నవ్వారు. అర్థంకానివాళ్ళు కూడా మర్యాదకు నవ్వారు.

అతను మాత్రం ఆగిపోయి ఆలోచనలో పడ్డాడు.

"నిజమేన్నా," అన్నాడు. "బుద్ధి తెలిసినప్పటినుంచి మా ఊర్లో ఆంజనేయసామి గుడి సుట్టూ తిరిగినోణ్ణి. నడుమ ఏదన్నా నిలబడి ఉంటే సాలు, అది కుడిచేతి పక్కనే ఉండాల. లేకుంటే ఏదో తప్పు సేసినట్టు ఉంటాది."

నేపాలీల్లో పెద్దవాడు, ఏం మాట్లాడుకుంటున్నామో హిందీలో అడిగి తెలుసుకుని, తన సంగతీ అంతేనన్నాడు. వాళ్ళ వైపు స్తూపం చుట్టూ కూడా అలాగే తిరుగుతారట. తనకూ మొదట్లో కాళ్ళు మొరాయించాయట. ఇంతకాలం సిగ్గుపడి చెప్పలేదట.

చాచా వచ్చి ట్యాంకు దిమ్మ మీద కూర్చున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"మేం మక్కాకు పోతే కాబాను ఎడమ దిక్కు ఉంచుకొని తిరుగుతం. గందుకే నాకు ఈ దవార్లు ఎన్నడు కష్టమనిపియ్యలే. నాకు కష్టం గానిది నీకెందుకైతుందో సమజ్ కాలే, బిడ్డా."

నేనయితే, ఇది గుడి కాదు నీళ్ళ ట్యాంకు, మర్చిపో అనేవాణ్ణి. అన్నాను కూడా.

"నాకు తెలుసన్నా," అన్నాడు కడప తమ్ముడు. "కాళ్ళకు తెలీదు."

చాచా నన్ను చేత్తో ఆపాడు. ఒక మనిషికి చిన్నప్పటినుంచీ ఒంట్లో ఉన్న భక్తిని మర్చిపొమ్మని చెప్పే పని తనది కాదన్నాడు. ఆ రోజు పాఠం తొందరగా ముగించి, నమాజుకు వెళ్ళిపోయాడు. ఆ వారమంతా ఆయన పరధ్యానంగా ఉన్నాడు. అన్నం తింటూ పళ్ళేన్ని అటూ ఇటూ తిప్పేవాడు.

తర్వాతి శుక్రవారం మిద్దెక్కేసరికి, అక్కడ ఒక బస్సు సీటు ఉంది. ఇద్దరు కూర్చునేది. తుక్కుకు పడేసిన పాత లేబర్ బస్సుది, ఇనుప కాళ్ళతో సహా. ఫోర్‌మన్‌ను అడిగి తెచ్చాడట. మూడంతస్తులు ఎలా ఎక్కించాడో తెలియదు. అడిగితే నన్ను దింపమంటాడేమోనని అడగలేదు.

చాచా అందర్నీ కూర్చోబెట్టి ముందుగా తన తప్పు చెప్పాడు. తన స్కూల్లో గర్వపడే విషయం ఏదైనా ఉంటే అది నడిపించి నేర్పడమే. ఆ నడిపించడమే ఈ ఒక్క పిల్లగాడికి పనికిరాలేదన్నాడు. నడిస్తే గుడి గుర్తుకొస్తుంది. గుడి చుట్టూ ఎవరూ కూర్చుని తిరగరు.

"మీ ఊర్ల లారీ డ్రైవర్ యాడ కూసుంటడు?" అని కడప తమ్ముణ్ణి అడిగాడు.

"కుడి పక్క."

"ఊరి నడుమ గాంధీ బొమ్మ ఉన్నదనుకో. లారీ దాని సుట్టు తిరిగితే, బొమ్మ యే దిక్కున ఉంటది?"

"కుడి పక్కనే. డ్రైవర్ పక్క."

"ఈడ డ్రైవర్ యాడ కూసుంటడు?"

కడప తమ్ముడు లేచొచ్చాడు. సీటు ఎడమ చివర కూర్చుని, ఎడమ మోచేతి వైపు చూసుకున్నాడు. అటు పక్కన లేని కిటికీని చూస్తున్నట్టు చూశాడు. నడుమ ఉండేది ఎప్పుడైనా డ్రైవర్ మోచెయ్యి వైపే ఉంటుంది. వాళ్ళ ఊళ్ళో అయినా, దోహాలో అయినా. మేమంతా కుడి, ఎడమ అని అరిచి చచ్చాం గానీ, ఆ మాట ఒక్కరికీ తట్టలేదు.

ఇక ఆచరణ. సీటుకు చక్రాలు లేవు కాబట్టి నలుగురు మోయాలన్నాడు చాచా. ముందు ఒక నేపాలీ, ఒక బంగ్లాదేశ్ కుర్రాడు, వెనక శ్రీలంక వంటవాడు, ఫిలిప్పీన్స్ అతను. డ్రైవర్ పళ్ళెం ఎటు తిప్పితే అటు పోవాలి. డ్రైవర్ పక్కన పోలీసుగా నన్ను కూర్చోమన్నారు. నా హోదా చూసి కాదు. మొయ్యడానికి పనికిరానని ఏకాభిప్రాయం.

నాలుగు దేశాల భుజాల మీద మేమిద్దరం లేచాం. పళ్ళెం పట్టుకుని బిగుసుకు కూర్చున్న కడప తమ్ముడు అచ్చం ఊరేగింపుకు బయల్దేరిన ఉత్సవ విగ్రహంలా ఉన్నాడు. ఆ మాట పైకి అనలేదు. ఆ సమయానికి అది సాయం కాదని నాక్కూడా తోచింది, ఇది అరుదైన సంఘటన.

ట్యాంకు దగ్గరయింది. అతను మోచెయ్యి చూసుకున్నాడు, పళ్ళెం కుడికి తిప్పాడు. ముందున్న నేపాలీ, బంగ్లాదేశ్ కుర్రాడు అలవాటుకొద్దీ ఎడమకు లాగారు. వెనక ఫిలిప్పీన్స్ అతను కుడికి నెట్టాడు. శ్రీలంక వంటవాడు ఉన్నచోటే నిలబడ్డాడు. సీటు కిర్రుమంది, నేను జారి చాచా కాళ్ళ దగ్గర పడ్డాను.

చాచా నన్ను చూడనైనా చూడలేదు. "డ్రైవర్ కరెక్ట్," అన్నాడు. "ఇంజిన్ తప్పు."

కడప తమ్ముడు అలా నవ్వగా చూడటం అదే మొదలు.

ఆ తర్వాత వచ్చిన శుక్రవారాల్లో ఆ సీటు ఆగకుండా తిరిగింది. మోసేవాళ్ళు మారారు గానీ డ్రైవర్ మారలేదు. తమ పాఠం మానుకుని అందరూ అతన్ని మోశారు. వాళ్ళకూ టెస్టులున్నాయి. వాళ్ళవీ ఉద్యోగాలే. ఒక్కరూ నా వంతు ఎప్పుడని అడగలేదు. అడగడానికి ఊపిరి లేకపోయి ఉండవచ్చు. కానీ సీటు కింద పెట్టిన ప్రతిసారీ, ఇంకో చుట్టా అని అడిగిందీ వాళ్ళే.

కడప తమ్ముడి టెస్టు రోజే నాకూ టెస్టు పడింది. స్టోరు సామాన్లు తేవడానికి పికప్ తోలే మనిషి కావాలని కంపెనీ నన్ను పంపింది. అక్కడ పద్ధతేమిటంటే, నలుగురు ఒకే కారు ఎక్కాలి. పోలీసు కుడి సీట్లో కూర్చుంటాడు, ఒక్కొక్కరే స్టీరింగు ముందుకు మారాలి. కడప తమ్ముడిది మొదటి వంతు. నేను వెనక సీట్లో నడుమ. నా మోకాళ్ళు గడ్డానికి ఆనుతున్నాయి.

పోలీసు "యల్లా" అన్నాడు. బండి కదిలింది. కుడి సందులో, ఎడమ సందులో, స్పీడ్ బ్రేకర్ మీద అతను మెత్తగా పోనిచ్చాడు. తర్వాత పెద్ద రోడ్డెక్కి రౌండబౌట్ కనిపించింది. నడుమ సిమెంటుతో కట్టిన కాఫీ కూజా, ఏనుగంత ఉంది. గుడి గోపురంలా నిలబడింది. ఇంతకన్నా చిన్నది పెట్టి ఉండవచ్చు కదా అని ఆ కట్టినవాళ్ళను మనసులోనే అడిగాను.

బండి గుండ్రం అంచున ఆగింది. ఎడమ నుంచి కార్లు వస్తున్నాయి. అద్దంలో అతని కళ్ళు కనిపిస్తున్నాయి. కూజా వైపు చూశాయి. కుడి భుజం కొంచెం కదిలింది. అప్పుడతను ఎడమ మోచెయ్యిని కిటికీ మీద పెట్టాడు. గట్టిగా, తలుపుకు అతికించినట్టు. కార్లు పోయాయి. స్టీరింగు కుడికి తిరిగింది. కూజా అతని మోచేతి పక్కనుంచి మెల్లగా తిరుగుతూ వెనక్కి పోయింది. అవతలి రోడ్డులో బయటపడ్డాం.

పోలీసు ఆవులించాడు. ఆయనకు అది మామూలు మలుపు. బండి ఆపమని కాగితం మీద ఏదో రాసి, తర్వాతివాణ్ణి రమ్మన్నాడు.

తర్వాతివాణ్ణి నేనే. నా సంతోషంలో హ్యాండ్‌బ్రేక్ తియ్యడం మర్చిపోయాను. బండి మూలుగుతూ కొంతదూరం పోయింది. పోలీసు హ్యాండ్‌బ్రేకును, నన్ను మార్చి మార్చి చూసి, "మాఫీ" అన్నాడు. అంటే లేదు అని. లైసెన్సు లేదనా, బుర్ర లేదనా అన్నది వివరించలేదు.

బయట గోడ నీడలో చాచా నిలబడి ఉన్నాడు. లేబర్లను దించి, మళ్ళీ ఎక్కించుకునే లోపల దొరికిన ఖాళీలో ఖాళీ బస్సు వేసుకుని వచ్చేశాడు. పాసా ఫెయిలా అని అడగలేదు.

"దవార్ కాడ ఏమైంది?" అన్నాడు.

"ఏమీ కాలేదు చాచా," అన్నాడు కడప తమ్ముడు.

"గదే గావాలె." చాచా అతని భుజం మీద చెయ్యి వేసి, కాసేపు తియ్యలేదు. నావైపు తిరిగి నా సంగతి అడిగితే చెప్పాను. హ్యాండ్‌బ్రేక్ కోసం ప్రత్యేకంగా ఒక శుక్రవారం పెడతానన్నాడు. దానికి ఏం మోసుకొస్తాడోనని భయపడ్డాను.

అంతలో ఒక పెద్ద తెల్ల బండి వచ్చి ఆగింది. కడప తమ్ముడి కఫీల్. తెల్లటి గడ్డం, నిదానమైన మనిషి. కిటికీ దించి తన డ్రైవర్ వైపు చూశాడు. కడప తమ్ముడు పోలీసు రాసిచ్చిన కాగితం రెండు చేతులా అందించాడు. ఆయన దాన్ని దూరంగా పట్టుకుని చదివాడు, మళ్ళీ చదివాడు. "మబ్రూక్" అన్నాడు, శుభమని. తర్వాత బండి దిగాడు. అన్ని నెలలూ తన డ్రైవర్‌ను తనే తిప్పిన ఆ పెద్దాయన ఇంజిన్ ఆపకుండానే, ముందునుంచి చుట్టి వెళ్ళి, కుడి పక్క సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు.

కడప తమ్ముడు ఒక క్షణం తెరిచిన తలుపు దగ్గరే నిలబడ్డాడు. "ఇంక టికెట్ లేదులేన్నా," అని నాతో అన్నాడు. ఎక్కాడు.

బండి మెల్లగా పోయి రౌండబౌట్ దగ్గర ఆగింది. ఎడమ నుంచి వచ్చే కార్లన్నీ పోయేదాకా, అవసరానికి మించి కొంచెం ఎక్కువసేపే ఆగింది. తర్వాత కుడికి తిరిగి, కూజా వెనకకు పోయి, అవతలి రోడ్డు మీద తేలింది. అప్పటిదాకా చాచా బస్సు తలుపు పట్టుకుని కదలకుండా చూస్తూ ఉన్నాడు. ఆ తర్వాత, నా వల్ల డ్యూటీకి లేటయిందని తిడుతూ బస్సెక్కాడు.